బోర్డు కనబడని ఫోటో

ఫోటో చూసి అది ఏ రైల్వే స్టేషనో చెప్పడం ఒక ఆట. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు కనబడితే ఇక ఆటేముంది? అందుకని బోర్డు ఉన్నంత మేర ముందే కత్తిరించేస్తారు. మిగిలేది ప్లాట్‌ఫారం ముక్క, ఒక బెంచీ, వెనక కొండ గీత, ఎవరిదో మూట. "ఎక్కడిదో చెప్పుకోండి చూద్దాం" అంటూ పంపిస్తారు. రైళ్ళ పిచ్చి ఉన్న నా స్నేహితులు కొందరు ఈ ఆట ఆడుతుంటారు. నాది కడప జిల్లా కాబట్టి ఆ వైపు ఫోటో ఏదైనా వస్తే నన్ను అడుగుతారు.

జవాబు కన్నా దాని వెనకున్న కారణం మీద నాకు ఆసక్తి ఎక్కువ. "ఎట్లా చెప్పగలిగినావు?" అని అడిగినప్పుడు మనిషి ఏం చెప్తాడన్నది చూడాలి. ఒక చోటు నాకు తెలుసు అనడానికి ఎంత ఆధారం ఉంటే సరిపోతుంది? అది తర్కానికి సంబంధించిన ప్రశ్న. తెలిసింది కదా అని చెప్పెయ్యవచ్చునా? ఇది నీతికి సంబంధించింది. మొదటి ప్రశ్నకి సరిగ్గా జవాబు వెతికినవాడికి రెండోది తప్పించుకోవడం కష్టమని నాకనిపిస్తుంది.

*

ఈ ఆటలో వాడే పని పేరు మన శాస్త్రాల్లో అనుమానం. కనబడే గుర్తుని పట్టుకుని కనబడని విషయాన్ని తేల్చుకోవడం. కొండ మీద పొగ లేస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. న్యాయశాస్త్రం దీన్ని ప్రత్యక్షం, ఉపమానం, శబ్దాలతో పాటు ఒక ప్రమాణంగా లెక్కేసింది. అంటే జ్ఞానానికి ఒక నమ్మదగిన దారి.

తెలుగులోకి వచ్చాక ఈ మాట బతుకు మారిపోయింది. "నాకు అనుమానంగా ఉంది" అంటే నమ్మకం లేదని. "వాడి మీద అనుమానం" అంటే వాడేదో తప్పు చేశాడని. అనుమానపు మొగుడంటే ఎవరో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకే మాట శాస్త్రంలో తెలుసుకోవడానికి దారి, ఇంట్లో మనిషిని వేధించే రోగం. ఈ రెండు అర్థాల మధ్య దూరం ఎంతో తక్కువని స్టేషన్ ఫోటో ఆట చూస్తే అర్థమవుతుంది.

మంచి అనుమానానికి, చెడ్డ అనుమానానికి తేడా ఏమిటి? పదిహేడో శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన 'తర్కసంగ్రహం' ఈనాటికీ తర్కం నేర్చుకునేవాళ్ళకి తొలి పాఠం. అందులో హేత్వాభాసలని కొన్ని చెప్తాడు. చూడ్డానికి కారణంలా ఉండి, నిజానికి కారణం కానివి. వాటిలో రెండు మనకు పనికొస్తాయి.

మొదటిది సవ్యభిచారం. మనం చూపించే గుర్తు మనం చెప్పదలుచుకున్న చోట మాత్రమే ఉండకుండా ఇంకెక్కడెక్కడో కూడా తిరుగుతూ ఉండడం. సర్కారు తుమ్మ చెట్లు, ఎండిన నేల, దూరంగా బోడికొండ ఉన్న ఫోటో చూడగానే "రాయలసీమ!" అని కేకేసేవాళ్ళున్నారు. సర్కారు తుమ్మ తమిళనాడులో రామనాథపురం నిండా ఉంది, గుజరాత్‌లో కచ్ నిండా ఉంది. ఎండిన నేల మే నెలలో గుంటూరులోనూ ఉంటుంది. అటుపక్క ప్రొద్దుటూరు, చాపాడు, మైదుకూరు చుట్టూ కర్నూలు–కడప కాలువ కింద వరి పండుతుంది. పైరు ఏపుగా ఉన్న రోజుల్లో ఆ పొలాల ఫోటో తీసి చూపిస్తే అదే పెద్దమనిషి "గోదావరి జిల్లా" అని అంతే గట్టిగా చెప్తాడు. అతను ఫోటోని చూడ్డం లేదు. సినిమాల్లో చూసిన సీమని, చూసిన కోనసీమని ఫోటో మీద అతికిస్తున్నాడు.

దీన్ని తెలివితక్కువ కింద కొట్టిపారేస్తే సరిపోదు. ఒక ప్రాంతాన్ని దాని కరువుతోనో, దాని బాంబులతోనో మాత్రమే గుర్తుపట్టే కన్ను ఆ ప్రాంతపు మనిషిని కూడా అట్లాగే గుర్తుపడుతుంది. హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కున్న జమ్మలమడుగు కుర్రవాళ్ళని అడిగితే చెప్తారు. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళు నవ్వి, "అమ్మో, అయితే మీతో జాగ్రత్తగా ఉండాలి" అంటారు. సరదాకే అంటారు. పొగ లేని చోట నిప్పు చూడ్డం అంటే అదే.

*

మరి మంచి గుర్తు ఏది?

రాయి కొంత నయం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల భూమిలో పలకలు పలకలుగా లేచే సున్నపురాయి ఉంది. నాపరాయి అంటాం. బయటి ఊర్లలో కడప బండ అంటారు. ఇంటి నేల, వంటింటి గట్టు, అరుగు, పశువుల తొట్టి, పొలానికి నిలువుగా పాతిన కంచె, అన్నీ దాంతోనే. స్టేషన్ ఫోటోలో గేటు పక్కన నిలబెట్టిన బండల వరస కనబడితే నా మనసు వెంటనే ఇంటివైపు పోతుంది. కానీ మనసు పోయినంత మాత్రాన సరిపోదు. అదే తరహా పలకరాయి పడమర తాడిపత్రిలోనూ ఉంది, ఉత్తరాన బేతంచెర్లలోనూ ఉంది. కాబట్టి బండ చెప్పేది "ఈ మూడు జిల్లాల్లో ఎక్కడో ఒకచోట" అన్నంతవరకే. అంతకు మించి దాని నోట పలికించకూడదు.

మట్టి ఇంకొంచెం చెప్తుంది. నల్లరేగడి మీద పప్పుశనగ చేలు ఉంటే జమ్మలమడుగు వైపు మొగ్గవచ్చు. కనుచూపు మేరలో థర్మల్ కేంద్రం పొగగొట్టాలుంటే ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య అని అనుకోవచ్చు. రెండు జతల పట్టాలుంటే మద్రాసు–ముంబై పాత లైను, ఒకటే జత ఉంటే నంద్యాల వైపు పోయే కొత్త లైను కావచ్చు. రైలు పెన్న మీద వంతెన దాటుతుంటే ఎర్రగుంట్లకీ ప్రొద్దుటూరుకీ మధ్యలో ఉన్నామేమో. కడప పేరుని 'కుడ్డపా' అని చదివేట్టు పాత ఇంగ్లీషు స్పెల్లింగులో రాసిన బోర్డు ఏ మూలనైనా మిగిలి ఉంటే ఫోటో పాతదని తేలుతుంది, ఎందుకంటే ఆ స్పెల్లింగుని 2005లో మార్చారు.

ఇందులో ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా నిలబడదు. ఒకదాని అనుమానాన్ని ఇంకొకటి తీర్చాలి. చివరికి చెప్పే జవాబు కూడా "ఇది జమ్మలమడుగు" అని కాకుండా "జమ్మలమడుగు అనుకుంటున్నా, ప్రొద్దుటూరు కూడా కావచ్చు, ఎందుకంటే ఆ రెండూ ఒకే ప్రాజెక్టు కింద కట్టిన కొత్త స్టేషన్లు" అన్నట్టుంటుంది. ఇట్లాంటి జవాబుకి చప్పట్లు రావు. కానీ నిజాయితీ ఉన్న జవాబు ఇట్లాగే ఉంటుంది. తను ఎక్కడ తప్పయ్యే అవకాశం ఉందో తనే చూపిస్తుంది.

*

రెండో హేత్వాభాస నాకు ఇంకా ఇష్టం. ఆశ్రయాసిద్ధి. దేని గురించి మాట్లాడుతున్నామో అదే లేకపోవడం. అన్నంభట్టు ఇచ్చిన ఉదాహరణ ఆకాశంలో పూసిన తామర. తామరలన్నీ వాసనేస్తాయి కాబట్టి అదీ వాసనేస్తుందని వాదించవచ్చు. వాదనలో లోపం లేదు, పువ్వే లేదు.

పులివెందుల రైల్వే స్టేషన్ మా జిల్లా ఆకాశ తామర.

ఈ ఆటలో కడప జిల్లా ఫోటో వచ్చినప్పుడు బయటివాళ్ళు పులివెందుల పేరు తప్పకుండా చెప్తారు. ఇద్దరు ముఖ్యమంత్రులను పంపిన నియోజకవర్గం, వార్తల్లో రోజూ వినే పేరు. అంత పేరున్న ఊరికి రైలు లేకుండా ఎట్లా ఉంటుంది అనుకుంటారు. లేదు. ముద్దనూరు నుంచి పులివెందుల మీదుగా ముదిగుబ్బకి లైను వేయాలన్న ప్రతిపాదన ఉంది. ప్రతిపాదనకి ఫోటో తీయలేం. పులివెందుల చీనీకాయలు, అరటిగెలలు లారీల్లో పోతాయి. మనుషులు ముద్దనూరుకో, కడపకో బస్సులో పోయి రైలెక్కుతారు.

ప్రొద్దుటూరుది ఇంకో రకం కథ. మద్రాసు రైల్వే వాయవ్య మార్గం 1871 నాటికే రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. ఆ దారి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయింది. బంగారానికీ పత్తికీ పేరుపడ్డ ప్రొద్దుటూరుని పెన్న అవతలే వదిలేసింది. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకి 123 కిలోమీటర్ల కొత్త లైను 1996–97లో మంజూరయింది. దాని మీద ప్రయాణికుల రైలు నడిచింది 2016 ఆగస్టులో. అంటే దగ్గర్లోనే రైలు కూత వినబడుతుండగా దాదాపు నూట నలభై ఐదేళ్ళు ప్రొద్దుటూరుకి స్టేషన్ లేదు. "రైలుకి పోతాండాం" అంటే ఎర్రగుంట్లకి పోతున్నామని అర్థం. జమ్మలమడుగువాళ్ళకి ముద్దనూరు.

కాబట్టి ఎవరైనా రంగు వెలిసిన నలుపు తెలుపు ఫోటో చూపించి "ప్రొద్దుటూరు స్టేషన్, 1960" అంటే, ఫోటోని పరీక్షించే పని కూడా లేదు. అక్కడ అప్పుడు స్టేషనే లేదు. ఈ సంగతి ఫోటోలో ఎంత వెతికినా దొరకదు. ఎక్కడ ఏం లేదో తెలియడం అక్కడ బతికినవాళ్ళకి వచ్చే జ్ఞానం. వాన రాత్రి సామాను నెత్తిన పెట్టుకుని ఎర్రగుంట్లలో దిగి, ఇంటికి పోవడానికి బస్సు లేక తెల్లారిందాకా బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. బయటివాడికి పటంలో గీత కనబడుతుంది, లోపలివాడికి గీత లేని చోటు కనబడుతుంది.

*

ఊహ తప్పయితే ఏం పోతుంది? ఆటలో అయితే ఒక పాయింటు పోతుంది. 2021 నవంబరు సంగతి తలుచుకుందాం. అన్నమయ్య డ్యాం తెగి చెయ్యేరు ఊర్ల మీద పడింది. నందలూరు, రాజంపేట మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అదే రోజుల్లో పెన్న పొంగి నెల్లూరు దగ్గర పడుగుపాడులోనూ రైలు కట్ట దెబ్బతింది. రెండూ రైలు పట్టాలే, రెండూ బురదనీళ్ళే. బోర్డు లేకుండా ఒక ఫోటో చేతికి వస్తే అది ఏ జిల్లాదో చెప్పడం ఎంత తేలికో, ఎంత ప్రమాదమో ఆలోచించండి. చెన్నైలోనో బెంగళూరులోనో కూర్చుని ఇంటికి ఫోను కలవని మనిషికి ఆ పేరు ఆట కాదు. "నందలూరంట" అన్న ఒక్క మాటతో ఆ రాత్రి నిద్ర పోతుంది. "పడుగుపాడంట" అంటే గుండె దిగుతుంది, అది అబద్ధమైనా సరే. తెలియనప్పుడు తెలియదనడం ఎంత పెద్ద మర్యాదో అట్లాంటి వారాల్లో తెలుస్తుంది.

ఊహ నిజమైతే? అప్పుడే అసలు చిక్కు.

2019లో జపాన్‌లో ఒక యువగాయని తన సెల్ఫీ పెట్టింది. ఫోటోలో స్టేషన్ లేదు, బోర్డు లేదు. ఆమె కనుపాపలో స్టేషన్ నీడ పడింది. అభిమానినని చెప్పుకునే ఒకడు ఆ నీడని పెద్దది చేసి, వీధుల ఫోటోలతో పోల్చి, ఏ స్టేషనో పట్టుకున్నాడు. ఆ స్టేషన్‌లో కాపు కాసి, ఆమె వెనకే ఇంటిదాకా పోయి దాడి చేశాడు. పోలీసులు పట్టుకున్నాక తను ఎట్లా కనుక్కున్నాడో వాడే చెప్పాడు.

తర్కం ప్రకారం వాడి అనుమానంలో ఏ హేత్వాభాసా లేదు. గుర్తు సరైనది, పోలిక సరైనది, జవాబు సరైనది. అన్నంభట్టు పరీక్షలో వాడు పాసవుతాడు. ఇందాక నేను మెచ్చుకున్న ఓపిక, జాగ్రత్త, చిన్న గుర్తుల మీద శ్రద్ధ, అన్నీ వాడి దగ్గరున్నాయి. అంటే మంచి ఊహకీ చెడ్డ ఊహకీ తేడా తర్కంతో మాత్రమే తేలదు. అనుమానం అన్న మాటకున్న రెండు అర్థాలూ ఒక్క మనిషిలో కలిసిపోగలవు.

ఇదే నేర్పుతో మనుషుల్ని కాపాడేవాళ్ళూ ఉన్నారు. పిల్లల మీద జరిగే అఘాయిత్యాల కేసుల్లో, ఫోటోల నుంచి పిల్లల్ని పూర్తిగా తీసేసి, వెనకున్న సంచీనో, సీసానో, గోడ కాగితాన్నో మాత్రమే చూపించి, "ఇది ఏ దేశంలో దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?" అని ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ 2017 నుంచి జనాన్ని అడుగుతోంది. ఇక్కడ కూడా బోర్డు లేని ఫోటోయే. కానీ జవాబు పోలీసుల చేతికి, ఆ పిల్లల కోసం పోతుంది. ఊహించేవాడికి పిల్లల మొహాలు కనబడవు, కనబడనక్కర్లేదు.

రెండిట్లో తేడా చూస్తే నాకు తోచింది ఇది. చోటు పేరు చెప్పడమంటే ఎవరో ఒకరి దగ్గరికి దారి చెప్పడం. ఆ దారిన ఎవరు పోతారు, అక్కడున్న మనిషి వాళ్ళ కోసం ఎదురుచూస్తోందా, దాక్కుని ఉందా? ఇది తెలియకుండా చెప్పిన సరైన జవాబు, తప్పు జవాబు కన్నా ఎక్కువ కీడు చేయగలదు.

మన దగ్గరికి వద్దాం. ఇంట్లో ఒప్పుకోని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన ఒక జంట ఉందనుకుందాం. ఎక్కడో ప్లాట్‌ఫారం మీద నిలబడి, బోర్డు రాకుండా జాగ్రత్తపడి, "మేం బాగున్నాం" అని ఒక ఫోటో స్నేహితురాలికి పంపారు. అది చేతులు మారి బంధువుల దాకా వచ్చింది. వాళ్ళలో ఒకరు నా దగ్గరికి తెచ్చి, "నీకు స్టేషన్లన్నీ తెలుసు కదప్పా, యాడిదో చెప్పు" అన్నారు. వెనక నాపబండల కంచె ఉంది, ఒకటే జత పట్టాలున్నాయి, నల్లరేగడి ఉంది. నాకు తెలుసు.

తెలియదని చెప్పాలి. సత్యం చెప్పడం ధర్మం కదా అంటే, సత్యాన్ని ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవడం కూడా అందులో భాగమే. అడిగినవాడు తండ్రే కావచ్చు, దుఃఖంలో ఉండి ఉండవచ్చు. ఆ దుఃఖానికి దారి వేరే ఉంది. ఫోటోలో ఉన్నది మేజరైన మనిషి. ఎక్కడున్నానో చెప్పదలుచుకుంటే తనే చెప్పేది. బోర్డుని ఫోటోలోకి రానివ్వకపోవడం ఆమె మాట్లాడిన మాటే. న్యాయశాస్త్రం శబ్దాన్ని కూడా ప్రమాణం అన్నది కదా. ఆ మౌనాన్ని పక్కకు నెట్టి నా అనుమానాన్ని ముందు పెట్టే అధికారం నాకు లేదు.

"నువ్వు చెప్పకపోతే యంత్రం చెప్తుంది" అన్న వాదన వినబడుతూనే ఉంది. నిజమే. ఫోటో చూసి ప్రపంచంలో ఎక్కడిదో ఊహించే ప్రోగ్రామొకటి 2023లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు తయారుచేశారు. ఇప్పుడు అట్లాంటివి చాలా వచ్చాయి. అయినా ఇంకొకరు చేస్తారన్నది నేను చేయడానికి కారణం ఎప్పుడూ కాలేదు. కాలువకి గండి ఎట్లాగూ పడుతుందని నేనే పార తీసుకుపోతే, పడిన గండి నాదే. పైగా యంత్రం మండలం దాకా తెస్తుంది. "ఆ బెంచీ నంద్యాల వైపు చివర ఉంటుంది, దాని పక్కనే ఊర్లోకి కాలిదారి" అని చెప్పేది ఇప్పటికీ ఆ ఊరి మనిషే. ఆఖరి వంద గజాలు మన చేతుల్లోనే ఉన్నాయి.

*

మావైపు బస్సులో పక్కన కూర్చున్న మనిషి అడిగే మొదటి ప్రశ్న "యా ఊరన్నా మీది?" ప్రేమగానే అడుగుతారు. చాలాసార్లు ఆ ప్రశ్న ఊరితో ఆగదు. ఊరి నుంచి వీధికి, వీధి నుంచి ఇంటిపేరుకి, ఇంటిపేరు నుంచి కులానికి పోతుంది. ఊరు ఇక్కడ గుర్తు, కులం తేలాల్సిన విషయం. అడిగినవాడికి తను అనుమానం అనే ప్రమాణాన్ని వాడుతున్నానని తెలియదు. చెప్పేవాడికి మాత్రం తనని పటం మీద ఎక్కడ పెట్టబోతున్నారో తెలుస్తూనే ఉంటుంది. అందుకే కొందరు పక్క ఊరి పేరు చెప్తారు. కొందరు జిల్లా పేరుతో ఆపేస్తారు. వాళ్ళని అబద్ధాలకోరులనడానికి నాకు మనసు రాదు. వాళ్ళు తమ ఫోటోలోంచి బోర్డు కత్తిరించుకుంటున్నారు, అంతే.

ఒక చోటు తెలియడం సొంత ఆస్తి కాదని నేననుకుంటాను. నాపరాయి ఎక్కడ లేస్తుందో, చేలో ఏ పైరుందో, పెన్న ఎక్కడ మలుపు తిరుగుతుందో నేను కనిపెట్టలేదు. అక్కడ బండ కొట్టినవాళ్ళు, శనగ విత్తినవాళ్ళు, రైలు లేని రోజుల్లో ఎర్రగుంట్లకి తెల్లవారుజామున బయల్దేరినవాళ్ళు చెబుతుంటే, చేస్తుంటే నాకు తెలిసింది. వాళ్ళ దగ్గర తెచ్చుకున్న దాన్ని వాళ్ళ మీదికే ఎగదోయకూడదు.

కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరుతో సహా కొన్ని ఊర్లు గండికోట జలాశయం కింద మునిగిపోయాయి. ఆ ఊర్ల పాత వీధుల ఫోటోలు ఇంకా కొన్ని ఫోన్లలో ఉంటాయి. వాటిని చూసి ఎక్కడివో ఏ యంత్రమూ సరిపోల్చలేదు, పోల్చడానికి పైన నీళ్ళు తప్ప ఏమీ లేదు. అది ఎవరి గడపో, ఆ వేపచెట్టు ఏ సందులో ఉండేదో చెప్పగలిగేది ఆ ఊరివాళ్ళే. వాళ్ళు చెప్పదలుచుకున్నప్పుడు వింటాం. లేకపోతే అది ఎక్కడిదో తెలియకుండానే చూసి ఊరుకుంటాం. రెండూ మర్యాదే.